శ్రుతిని మింగిన మైకు

మా వర్తూరు పేరు చెబితే బెంగళూరులో చాలామందికి ముందు గుర్తొచ్చేది చెరువు. 2015 ప్రాంతంలో ఆ చెరువు నురగ గాలికి లేచి రోడ్డుమీద వెళ్ళే స్కూటర్లమీద పడుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. నురగ సంగతి బయటివాళ్ళకు తెలుసు. ఇక్కడ కాపురముంటున్న మాకు బాగా తెలిసింది రొద. తెల్లవారకముందే వెనక్కి తిరుగుతూ నీళ్ళ ట్యాంకరు వేసే కూతలు, పక్క స్థలంలో కంకర కలిపే యంత్రం, కరెంటు పోయిన మరుక్షణం అపార్టుమెంటు జనరేటరు, మధ్యాహ్నం అప్పుడప్పుడు హెచ్.ఏ.ఎల్. వైపునుంచి హెలికాప్టరు, వానాకాలం రాత్రిళ్ళు కప్పలు. కప్పలమీద నాకు కోపం లేదు. ఈ ఊరికి అవి మాకంటే ముందు వచ్చాయి.

ఇంత గోల మధ్య మా అమ్మ పాటలు రికార్డు చేయవలసి వచ్చింది. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. మైకు గురించి నాకు తెలిసినదల్లా దాని ముందు నిలబడి వందన సమర్పణ చేయడమే. అయినా ఆరు వారాలు దీంతో కుస్తీ పట్టాను. ఆ కుస్తీలో తెలిసిన సంగతులు మీలో కొందరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. పిల్లల ఆన్‌లైను పాఠాలు, ఊరినుంచి పెద్దవాళ్ళతో మాట్లాడే కాల్స్, ఇంట్లో పాడించుకునే పాటలు లేని తెలుగు ఇల్లు ఇవాళ మనలో ఎక్కడుంది?

అమ్మకు ఎనభై మూడేళ్ళు. మదనపల్లె దగ్గర పల్లెలో పుట్టింది. గురువుల దగ్గర నేర్చుకున్న సంగీతం కాదు. వాళ్ళ మేనత్త పాడుతుంటే విని పట్టుకున్న లాలిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు. వాటిలో కొన్ని నేను ఇంకెవరి నోటా వినలేదు, ఏ పుస్తకంలోనూ చూడలేదు. అయితే ఆమెకొక పట్టుదల ఉంది. పాత శ్రుతిపెట్టె పక్కన లేకుండా నోరు విప్పదు. పెట్టె తిత్తి కిర్రుమంటుంది, ఒక రీడు కొంచెం బొంగురు. ఐనా అదే కావాలి.

అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్న మా అమ్మాయికి అప్పుడు ఆరో నెల. "అవ్వ పాడే లాలిపాటలన్నీ నాకు కావాలి నాన్నా, బిడ్డకు వినిపించాలి" అంది. సరే, దానికేం భాగ్యమని ఒక ఆదివారం ఉదయం వీడియో కాల్ పెట్టాము. కాల్‌నే అటువైపు రికార్డు చేసుకుంటానంది. అమ్మ పట్టుచీర కట్టుకుని, పెట్టె ముందేసుకుని రెండు పాటలు పాడింది. పాట పూర్తయ్యాక కాసేపు అటునుంచి మాట లేదు. తరువాత మా అమ్మాయి మెల్లగా, "అవ్వ గొంతు బాగా పోయిందే నాన్నా. మధ్యమధ్యలో అసలు వినపడటమే లేదు" అంది.

స్పీకరు ఆన్‌లోనే ఉంది. అమ్మ విన్నది. ఏమీ అనలేదు. శ్రుతిపెట్టె కొక్కెం పెట్టి, "ఇంక నా పాట ఎవరికి కావాల్లే నాయనా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండు వారాలు దేవుడి దగ్గర కూడా పాడలేదు.

నేను ఆమె పక్కనే కూర్చుని విన్నవాణ్ణి. గొంతు వణికిన మాట నిజం. తెగిపోయిన మాట మాత్రం అబద్ధం. ఇక్కడ సరిగ్గా ఉన్నది అక్కడికి చేరేసరికి తక్కువయిందంటే దారిలో ఎక్కడో పోయిందన్నమాట. బ్యాంకువాడికి ఇంతకంటే తెలిసిన సమస్య ఏముంటుంది?

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో లెడ్జర్లన్నీ చేతిరాతే. నెలాఖరు బ్యాలెన్సింగు తేలకపోతే రాత్రి పదింటిదాకా కూర్చునేవాళ్ళం. మా హెడ్డు గుమాస్తాగారు ముందు తేడాను తొమ్మిదితో భాగించమనేవారు. శేషం లేకుండా పోతే ఎవరో 54ను 45 అని తారుమారు చేసి ఉండవచ్చు. అది కాకపోతే ఒక్కొక్క పద్దుకు టిక్కు పెట్టుకుంటూ పోవడమే. తేడాను సస్పెన్స్ అకౌంటులో వేసి ఇంటికి వెళ్ళిపోదామని కుర్రాళ్ళం అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "తేడా పోలేదురా, దాక్కుంది" అనేవారు. మైకు విషయంలో నేను పట్టుకున్న పద్ధతి అదే. రొదను తగ్గించే సాఫ్ట్‌వేరు జోలికి ముందు పోకూడదు. రొద ఏ పద్దు కింద వస్తోందో పట్టుకోవాలి.

ముందుగా చేసిన పని, ఏమీ రికార్డు చేయకపోవడాన్ని రికార్డు చేయడం. ల్యాప్‌టాపుకు రవికకో చొక్కా కాలరుకో తగిలించే చిన్న మైకు పెట్టి, అందరినీ ఒక నిమిషం నోరు మూసుకోమని, ఆ నిశ్శబ్దాన్ని హెడ్‌ఫోన్లలో గట్టిగా పెట్టుకుని విన్నాను. నిశ్శబ్దమా! తుమ్మెదల తుట్టెలో తలపెట్టినట్లుంది. చెవి ఒగ్గి వింటే అందులో నాలుగైదు రకాలు వేరువేరుగా తెలిశాయి. మీరు కూడా ఈ నిమిషం పరీక్షతోనే మొదలుపెట్టండి. మనిషి గొంతు ఉంటే మన చెవి దాన్నే వింటుంది, మిగతాది వదిలేస్తుంది. మైకుకు ఆ ఇంగితం లేదు.

అడుగున ఝుమ్మని ఒకే స్థాయిలో వినపడేది కరెంటు రొద. మైకునుంచి బయలుదేరే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. దాని పక్కనే గోడలో 230 వోల్టులు సెకనుకు 50 సార్లు ఊగుతుంటాయి. ఏనుగు పక్కన చీమ నడిచినట్లు. ఎర్తు సరిగా లేకపోతే ఆ 50, దాని రెట్టింపు 100 మైకు తీగలోకి దూరతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. ల్యాప్‌టాపు ఛార్జరు పీకేయండి. మాకు అక్కడే సగం ఝుంకారం ఆగింది. ల్యాప్‌టాపు లోహపు భాగాన్ని చేత్తో ముట్టుకుంటే శబ్దం మారినా అది ఎర్తు దోషమే. ఛార్జరుకు రెండే కాళ్ళుంటే, లేదా మూడో కాలున్నా గోడ ప్లగ్గులో ఎర్తు తీగ లేకపోతే ఇలా జరుగుతుంది. రికార్డు చేసే అరగంటా బ్యాటరీమీద నడపడం అన్నిటికంటే చవకైన వైద్యం. తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు చూపించుకోండి, అది పాటకంటే ప్రాణానికి అవసరం.

మిగిలిన సగం ఝుమ్ము ఫ్యానుది. గాలి శబ్దం కాదు, రెగ్యులేటరుది. గుండ్రంగా తిప్పుకుంటూ పోయే ఒక రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యానుకిస్తుంది. ఆ కోతే గరగరమని మైకులో వినపడుతుంది. ఫ్యాను పూర్తి వేగంలో పెడితే గరగర తగ్గి గాలి శబ్దం పెరిగింది, ఆపేస్తే రెండూ పోయాయి. కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టరు చవక రకందైతే అది కూడా ఇలాంటి గరగరే చేస్తుంది. సైన్ వేవ్ అని రాసి ఉన్నది నయం.

ఝుమ్ము పోయాక సుయ్యిమనే శబ్దం బయటపడింది, వానజల్లులాగా. అది గెయిను ఎక్కువ పెట్టడంవల్ల. మనిషి దూరంగా ఉంటాడు, గొంతు చిన్నగా వస్తుంది, మనం గెయిను పెంచుతాము, గొంతుతోపాటు ఊరంతా పెరుగుతుంది. దీనికి మందు దూరం తగ్గించడం. దూరం సగమైన ప్రతిసారీ గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల దూరంలోని మైకును అరడుగుకు తెస్తే పన్నెండు డెసిబెల్స్, అంటే శక్తిలో పదహారు రెట్లు. ట్యాంకరు మాత్రం ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంటుంది. వెయ్యి రూపాయల మైకు నోటి దగ్గరుంటే, ఇరవై వేల రూపాయల మైకు గది అవతల ఉన్నదానికంటే మేలు. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే నేను సగం తిప్పలు పడకపోదును.

దగ్గర పెట్టినా నోటికి ఎదురుగా పెట్టకూడదు. ప, బ, భ పలికినప్పుడు వచ్చే ఊపిరి దెబ్బకు మైకు ధబ్బుమంటుంది. మన భాషలో ఒత్తులకు కొదవ లేదు కదా. కొంచెం పక్కగా, గడ్డం ఎత్తులో ఉంచితే చాలు. చీరకు తగిలిస్తే జరీ అంచు రాసుకుని గరగరమంది. అందుకని మైకును విడిగా స్టాండుకు కట్టి, కింద మడతపెట్టిన తువ్వాలు వేశాను. బల్లమీద ఎవరైనా చేయి పెట్టినా, గిన్నె పెట్టినా ఆ అదురు మైకుదాకా పోకుండా తువ్వాలు ఆపుతుంది. ఇక చిటచిటమని ఉండి ఉండి వచ్చేది వదులైన పిన్ను. తీసి, తుడిచి, గట్టిగా నొక్కితే పోయింది.

గది సంగతి కూడా చెప్పాలి. మా హాలు కొత్త ఫ్యాషను, నున్నటి టైల్సు, బోసి గోడలు. చప్పట్లు కొడితే తిరిగి మనకే వినపడుతుంది. రేడియో స్టూడియోలకు రెండేసి తలుపులు, చిల్లుల పలకలు ఊరికే పెట్టరు. అంత హంగు మనకెందుకు? 1935లో మైసూరులో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామిగారు తన ఇంట్లోనే రేడియో కేంద్రం నడిపారు, ఆ కేంద్రానికి ఆకాశవాణి అని పేరు. మేము అమ్మ పడుకునే గదిలోకి మారాము. అక్కడ పరుపుంది, బట్టల బీరువా ఉంది. బీరువా తలుపులు బార్లా తెరిచి, వెనుక గోడకు ఊరినుంచి తెచ్చుకున్న పాత చీరల బొంత వేలాడదీశాము. గొంతు గోడకు తగిలి తిరిగి రావడం ఆగింది. మా ఆవిడ మాత్రం, "ఇల్లు చాకిరేవులాగుందండీ" అంది.

ఇన్ని టిక్కులు పెట్టాక ధైర్యంగా మళ్ళీ కాల్ చేశాను. అమ్మను పాడమనే సాహసం లేక, నేనే శ్రుతిపెట్టె వాయిస్తూ నాలుగు ముక్కలు పాడాను. "నాన్నా, నీ గొంతు కూడా తెగుతోంది" అంది మా అమ్మాయి. పెట్టె వినపడుతోందా అంటే, "పెట్టె పెట్టారా?" అని అడిగింది.

అప్పుడు వెలిగింది. కాల్ కట్ చేసి మా ఆవిడ ఫోనుకు చేశాను. ఆమెను వంటింట్లోకి పంపి తలుపు వేయించి, ఇక్కడ ఉత్త శ్రుతిపెట్టె మాత్రం వాయించాను. "వస్తోందా?" అని అరిచాను. "వస్తోందండీ... వస్తో... ఆఁ, పోయింది!" పెట్టె ఆగలేదు. రెండు మూడు సెకన్లు వినపడి, ఎవరో మింగేసినట్లు మాయమయింది. ఆపి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే.

దొంగ ఇంట్లో లేడు, కాల్ సాఫ్ట్‌వేరులో ఉన్నాడు. మీటింగులకోసం తయారైన ఈ సాఫ్ట్‌వేర్లన్నిటికీ రొదను తగ్గించే ఏర్పాటు లోపలే ఉంటుంది. మనం అడగకుండానే అది పని చేస్తుంటుంది. దాని తర్కం ఇది. మనిషి మాట క్షణక్షణం మారుతుంది, ఆగుతుంది, లేస్తుంది, పడుతుంది. ఫ్యాను, ఏసీ, ఇంజను మారకుండా ఒకే తీరున మోగుతాయి. కాబట్టి మారనిది రొద, మారేది మాట. ఇప్పటి కొత్త సాఫ్ట్‌వేర్లు వేల గంటల మాటలు, చప్పుళ్ళు వినిపించి నేర్పించినవి. వాటికి కూడా నేర్పింది ముఖ్యంగా మాటలే. తంబురా, శ్రుతిపెట్టె చేసే పనే మారకుండా మోగడం. మనకు పాట నిలబడే నేల అది. యంత్రం దృష్టిలో అదొక ఏసీ. లాలిపాటలో చివర సాగదీసి, సన్నగా జారవిడిచే రాగం కూడా దానికి అనుమానాస్పదమే. అక్కడే కత్తిరించింది. మా అమ్మాయి విన్నది ఆ కత్తిరింపుల తరువాత మిగిలిన గొంతును. ఆఫీసు మీటింగులో ఇదే ఏర్పాటు నాకు ఎంత ఉపకారమో చెప్పలేను. తప్పు దాన్ని పాటకు వాడిన మాది.

రొదను తగ్గించడానికి వేరే దారి లేదా అంటే ఉంది. క్యాసెట్లు వాడిన మన తరానికి టేప్‌రికార్డరుమీద డాల్బీ అని రాసిన మీట గుర్తుండే ఉంటుంది. రే డాల్బీ అనే అమెరికా ఇంజనీరు 1963 నుంచి 1965 వరకు యునెస్కో సలహాదారుగా మన దేశంలో పనిచేశాడు. రొద తగ్గించే పద్ధతి ఆలోచన ఆయనకు ఇక్కడ ఉన్న రోజుల్లోనే తట్టింది. 1965లో లండనులో కంపెనీ పెట్టి ముందు స్టూడియోలకు, 1968లో ఇళ్ళలో వాడే యంత్రాలకు దాన్ని అందించాడు. ఆయన చేసిందేమంటే, రికార్డు చేసేటప్పుడు సన్నని శబ్దాలను ఒక లెక్కప్రకారం పెంచడం, వినేటప్పుడు అదే లెక్కప్రకారం తగ్గించడం. మధ్యలో టేపు తనంతట తాను కలిపిన సుయ్యి కూడా ఆ తగ్గింపులో తగ్గిపోతుంది. పాట చెక్కుచెదరదు. ఎంత జమో అంత ఖర్చు, బ్యాలెన్సు సరి. ఏది పాట, ఏది రొద అని తీర్పు చెప్పే పెత్తనం ఆ యంత్రానికి ఇవ్వలేదు.

ఇప్పటి కాల్స్‌లో ఆ పెత్తనాన్ని మనమే తీసేయవచ్చు. సెట్టింగులలో ఆడియో అనే చోట చూడండి. నాయిస్ సప్రెషన్ లేదా నాయిస్ క్యాన్సిలేషన్ అని ఉంటే ఆపేయండి. జూమ్‌లో సంగీతంవాళ్ళకోసమే ఒరిజినల్ సౌండ్ అనే ఏర్పాటు ఉంది. సంగీతం క్లాసులకు పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. శ్రుతి వినపడక గురువుగారు కోప్పడితే పిల్లదాని తప్పనుకోకండి. అయితే దీన్ని పెట్టినప్పుడు హెడ్‌ఫోన్లు తప్పనిసరి. లేకపోతే స్పీకరులో వచ్చే గొంతు మళ్ళీ మైకులో దూరి అవతలివాళ్ళకు వాళ్ళ గొంతే ప్రతిధ్వనిస్తుంది. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే క్లాసులో ఉంటే కీచుమని కూత వచ్చేది కూడా ఈ తిరుగుడువల్లే. అందరూ కలిసి భజన చేద్దామనే సరదా మాత్రం మానుకోండి. ఒకరి గొంతు మరొకరికి చేరడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం చాలు తాళం తప్పడానికి.

అసలు దాచుకోవలసిన పాటను కాల్‌లో రికార్డు చేయడమే పొరపాటు. ఇక్కడే, పాడే మనిషి దగ్గరే రికార్డు చేసి, ఆ ఫైలును పంపాలి. నేను ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడాను. నాణ్యత తగ్గించని వేవ్ ఫైలు, ఒకే ఛానెలుగా అయితే నిమిషానికి సుమారు అయిదు మెగాబైట్లు. ఈ రోజుల్లో అదొక లెక్క కాదు.

ఇక అమ్మను ఒప్పించడం మిగిలింది. సెట్టింగుల గురించి చెబితే వింటుందా? శ్రుతిపెట్టె నా ఒళ్ళో పెట్టుకుని, ఫోను ఆమె చేతికిచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. వాయిస్తూ ఉన్నాను. కాసేపటికి ఆమే లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఆడుతున్న తిత్తినీ, చెవి దగ్గర మూగగా ఉన్న ఫోనునూ మార్చి మార్చి చూసింది.

"ఇంత పెట్టెనే మింగేసిందా? ఇంక నా గొంతొక లెక్కా!" అని నవ్వింది.

ఆ సాయంత్రమే మా అమ్మాయితో ఫోనులో, "పోయింది నా గొంతు కాదమ్మా, మీ నాయన మిషను" అని చెప్పింది. నేను సర్దిచెప్పబోలేదు.

మరుసటి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు, ట్యాంకర్లు రాకముందే మొదలుపెట్టాము. ఫ్యాను, ఫ్రిజ్జు, ఛార్జరు బందు. ఫ్రిజ్జు ఆపితే మళ్ళీ వేయడం మరిచిపోతామని మా ఆవిడ కారు తాళాలు అందులో పెట్టింది, ఆఫీసుకు వెళ్ళాలంటే ఫ్రిజ్జు తెరవక తప్పదు కదా. మొదటి పాట అయ్యాక అమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "రెండో చరణంలో శ్రుతి దిగింది. మళ్ళీ పాడతా, ఇది కొట్టెయ్" అంది. కొట్టేయలేదు, దాచాను. కానీ మళ్ళీ పాడింది. అలా నాలుగు ఆదివారాల్లో తొమ్మిది పాటలు అయ్యాయి. ఇంకా రెండు మిగిలాయి, ఒకదానికి నడిమి చరణం గుర్తుకు రావడం లేదంటుంది.

రికార్డు చేశాక మిగిలిన కొద్దిపాటి రొదకు ఆడాసిటీలోనే మందుంది. ఉత్త గది శబ్దం కొన్ని సెకన్లు చూపిస్తే దాన్ని గుర్తుపెట్టుకుని పాటంతటిలో అంతమేరకు తగ్గిస్తుంది. పెట్టె ఆగినప్పటి శబ్దమే చూపించాలి, మోగుతున్నప్పటిది చూపిస్తే మన చేత్తో మనమే శ్రుతిని మింగించినట్లు. ఆరు డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. ఆశపడి ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి పాడుతున్నట్లు బుడబుడమంటుంది. అందుకోసం ప్రతి పాట చివరా పది సెకన్లు కదలకుండా కూర్చోమని అమ్మకు ముందే చెప్పాను. తొమ్మిది పాటల్లో ఒక్కదాని చివరైనా ఆ పది సెకన్ల మౌనం నాకు దొరకలేదు. ప్రతిసారీ మూడు లెక్కపెట్టేలోగా, "అయిందా నాయనా? కాఫీ పెట్టేదా?" అంటుంది. చివరికి ఆమె వంటింట్లోకి వెళ్ళాక ఖాళీ గదిని విడిగా రికార్డు చేసుకున్నాను. కాఫీ మాటను కత్తిరించి పంపితే మా అమ్మాయి ఒప్పుకోలేదు, అవి ఉన్న ఫైళ్ళే మళ్ళీ పంపించుకుంది.